తాడు బామ్మర్ది చేతిలో

పాలమూరు గుట్టల నుంచి నల్లమల లొద్దుల దాకా... ఒక డిటెక్టివ్ నవలల రచయిత వెంట

నల్లమలలో కొండతేనె తీసే చెంచు మనిషి నడుముకు మోకు కట్టుకొని లొద్దిలోకి దిగుతాడు. కింద చెట్ల తలలు తప్ప నేల కనపడదు. ఒక చేతిలో పొగ రాజేసిన గడ్డికట్ట, నడుముకు బుట్ట. రాతిచూరు కింద తేనెపెర చేటంత వెడల్పున, నల్లగా కదులుతూ వేలాడుతుంటుంది. పైన మోకు పట్టుకొని ఒకడు కూచుంటాడు. వాడు అన్న కాదు, తమ్ముడు కాదు. పెండ్లాం తోడబుట్టినవాడు, బామ్మర్ది. అన్నదమ్ముల మధ్యన పంపకాలుంటాయి, మనసులో పెట్టుకున్న పాత మాటలుంటాయి. బామ్మర్దికైతే తాడు వదిలితే బొట్టు పోయేది తన అక్కకో చెల్లెకో. కాబట్టి వాడు వదలడని లెక్క.

ఈ ముచ్చట మొదటిసారి విన్నప్పుడు నాకు సిగ్గేసింది. నేను పగలు పెద్దమందడి చుట్టుపక్కల బడుల్లో పాఠాలు చెప్పి, రాత్రి కాగితం మీద హత్యలు చేసిన మనిషిని. అనుమానితుడు, అవసరం, అవకాశం అని మూడు ముక్కలు పట్టుకొని రెండు వందల పేజీలు సాగదీస్తాను. శవం పడ్డాక మేం వెతికే సంగతిని ఈ మనుషులు తాడు ముడి వేయకముందే తేల్చుకున్నారు.

మాది గుట్టల సీమే కానీ అడవి సీమ కాదు. ఎర్రనేల, బుడ్డల చేన్లు, మధ్యమధ్యలో ఎవరో పేర్చినట్టు బండమీద బండ. వేసవిలో ఆ బండలు రాత్రి పదింటిదాకా సెగ కక్కుతాయి. అటు కొత్తకోట దగ్గర పెద్దరోడ్డు ఎక్కితే కర్నూలు, ఇటు వనపర్తి, ఇంకోదిక్కు ఖిల్లా ఘణపురం. ఘణపురం కోట రెండు గుట్టలను కలుపుతూ కట్టిన కోట. కాకతీయ గణపతిదేవుడి పేరు పెట్టి గోన గణపారెడ్డి కట్టించాడంటారు. కింద గణపసముద్రం చెరువు. చిన్నప్పుడు మా అవ్వ ఆ కోటలోంచి పానగల్లు దాకా సొరంగం ఉందని చెప్పేది. మేకలకాడి పిలగాడొకడు అందులోకి పోయాడట. బయటికి వచ్చాడా అంటే, "అది రేపు చెప్త, పండు" అనేది. ఆ రేపు ఇంతవరకు రాలేదు. అధ్యాయాన్ని ఎక్కడ ఆపాలో నాకు నేర్పింది ఆమే.

వనపర్తిలో అద్దె పుస్తకాల కొట్లు ఉండేవి. అట్టలు చిరిగి, కొసలు నూనె మరకలు పట్టి, ఒక్కోసారి చివరి నాలుగు పేజీలు లేకుండానే చేతికొచ్చేవి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు, విశ్వప్రసాద్, టెంపోరావు, తర్వాత మధుబాబు షాడో. చివరి పేజీలు లేని పుస్తకాలకు హంతకుణ్ణి మేమే తేల్చుకునేవాళ్లం, చెరువుకట్ట మీద కూచొని. చాలాసార్లు అసలు రచయిత కంటే మాకే మంచి హంతకుడు దొరికాడని ఇప్పటికీ అనుకుంటాను.

నా మొదటి నవలలో శవం మద్రాసు అడయారులో సముద్రం ఒడ్డు బంగళాలో పడింది. అప్పటికి నేను సముద్రం చూడలేదు. బంగళాకు పోర్టికో ఉండాలని, నౌకరు తెల్ల కోటు వేసుకోవాలని చదివినవాటిలోంచి తెలుసు. పుస్తకం అచ్చయింది. చదివిన ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఒక్కటే: "మన గుట్టల్ల మనుషులు చావరా?"

ఆ మాట నన్ను చాలా ఏళ్లు తరిమింది. కొండను, కొండ కథను పట్టుకుంటే అపరాధ నవల చెడిపోదని బయటి దేశాలవాళ్లు ఎప్పుడో రుజువు చేశారు. కోనన్ డాయిల్‌కు ఫ్లెచర్ రాబిన్సన్ అనే పత్రికా మిత్రుడు ఇంగ్లండు పల్లెల్లో చెప్పుకునే దయ్యపు కుక్క కథ వినిపించాడు. డాయిల్ 1901లో డార్ట్‌మూర్ పోయి ఆ బీడు, ఆ బురదనేల చూసొచ్చాడు. బాస్కర్‌విల్ కుక్క అక్కడ పుట్టింది. అమెరికాలో టోనీ హిల్లర్‌మన్ 1970 నుంచి నవాహో జాతి పోలీసుల్ని కథానాయకులుగా పెట్టి రాశాడు. ఆ నవలల్లో ఆధారం వేలిముద్ర కావచ్చు, నవాహోల ఒక క్రతువులో తప్పిన మెట్టు కూడా కావచ్చు. 1987లో ఆ జాతివాళ్లే అతన్ని తమకు ప్రత్యేక మిత్రుడిగా సత్కరించారు. రచయితకు పాఠకులిచ్చే బిరుదు వేరు, కథలో ఉన్నవాళ్లే ఇచ్చేది వేరు.

మనకూ అట్లాంటి చూపున్న మనిషి లేకపోలేదు. ఆరుద్ర. కవి, సినిమా పాటల రచయిత, సమగ్ర ఆంధ్ర సాహిత్యం రాసిన పరిశోధకుడు. ఆయన డిటెక్టివ్ నవలలు కూడా రాశాడు. 'పలకల వెండిగ్లాసు', 'ఆనకట్ట మీద హత్య' వాటిలోవే. పండితులు ఈ సంగతిని ఆయన సరదాల కింద రాసి పక్కన పెడతారు. నాకట్లా తోచదు. ఒక కవి కాలం తేల్చడానికి శాసనాన్ని, అంకితాన్ని, తాతతండ్రుల పేర్లను పక్కపక్కన పెట్టి ఎక్కడ అబద్ధం పొసగడం లేదో చూసే బుద్ధి, హత్య జరిగిన గదిలో గ్లాసు ఎటు ఒరిగిందో చూసే బుద్ధి రెండు కావు.

కవుల విషయంలో తేలని కేసు ఒకటి మా దగ్గరే ఉంది.

గోనవంశం వాళ్లు ఏలిన వర్ధమానపురం ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని నంది వడ్డెమాన్. ఆ వంశపు గోన బుద్ధారెడ్డి ద్విపదలో రామాయణం చెప్పాడు. తండ్రి విఠ్ఠలుని పేరు మీద చెప్తున్నానని పుస్తకంలోనే ఉంది. తర్వాతి ఉత్తరకాండ కొడుకులు కాచవిభుడు, విఠలరాజు రాశారు. మరి లోకమంతా దాన్ని రంగనాథ రామాయణం అని ఎందుకు పిలుస్తుంది? రంగనాథుడనే కవి రాసి రాజు పేరు పెట్టాడని కొందరు. విఠలుడే పాండురంగడు, రంగడే రంగనాథుడు, గొడవేముందని కొందరు. ఇంటిమీద ఒక పేరు, దస్తావేజులో ఇంకో పేరు. వాద ప్రతివాదాలు నడిచాయి, పేరు మాత్రం మారలేదు. నన్నడిగితే బుద్ధారెడ్డి వైపే మొగ్గుతాను, మా జిల్లావాడని కొంత పక్షపాతం ఉందని ఒప్పుకుంటూ.

ఆ పుస్తకాన్ని భక్తితో చదివేవాళ్లు చదవనీ. నేను నా వృత్తి కండ్లతో చదివాను. శూర్పణఖ అడవికి ఎందుకొచ్చింది? వాల్మీకిలో అట్లా తిరుగుతూ వచ్చింది, రాముణ్ణి చూసింది. రంగనాథ రామాయణంలో ఆమెకు జంబుమాలి అనే కొడుకున్నాడు. వెదురుపొదలో తపస్సు చేసుకుంటుంటాడు. వాడికోసం దిగివచ్చిన కత్తి లక్ష్మణుడి చేతికి దొరుకుతుంది. పదును చూద్దామని పొద మీద ఒక్క వేటు వేస్తాడు. వెదుర్లతోపాటు లోపలున్న మనిషీ తెగుతాడు. చంపినవాడికి చంపుతున్నానని తెలియదు, చచ్చినవాడికి ఎవరు చంపారో తెలియదు. తల్లికి తెలుస్తుంది. అక్కడినుంచి శూర్పణఖ అడుగు మీద నాకు వేరే లెక్క మొదలైంది. వాల్మీకి వదిలేసిన కారణాన్ని ఎవరో వెదురుపొదలో పెట్టారు. వెదురు కొట్టి బతికే మనుషులు చెప్పుకున్న కథ కాదని ఎవరనగలరు? సేతువుకు ఇసుక మోసిన ఉడుత మనకు ఈ పుస్తకంలోంచే బాగా దగ్గరైంది. రాజు రాసిన పుస్తకంలోకి జనం చెప్పుకునే కథలు ఎన్ని దారుల్లో చొరబడ్డాయో చూడండి.

లక్ష్మణుడి నవ్వు సంగతి ఇంకా గొప్పది. ఇది ఆడవాళ్ల పాటల్లోనూ ఉంది. పట్టాభిషేకం అయి కొలువు నిండుగా ఉన్న వేళ, లక్ష్మణుడు ఉన్నట్టుండి పకపకా నవ్వుతాడు. ఎందుకో చెప్పడు. సభ చల్లబడిపోతుంది. అన్నను చంపించి గద్దెనెక్కినందుకు నవ్వాడని సుగ్రీవుడికి అనుమానం. ఇంటిగుట్టు బయటపెట్టినందుకు నవ్వాడని విభీషణుడికి అనుమానం. ఎవరి తప్పు వాళ్లకు గుర్తొస్తుంది, సీతారాములతో సహా. అసలు కారణం చూస్తే పద్నాలుగేళ్లు దూరం పెట్టిన నిద్రాదేవి గడువు తీరిందని వచ్చి ఎదురుగా నిలబడింది, అంతే. అగాథా క్రిస్టీ చివరి అధ్యాయంలో అనుమానితులందర్నీ ఒక హాల్లో కూచోబెడుతుంది కదా. మా అమ్మమ్మలు ఆ హాలును రోటికాడ కట్టారు. పైగా నేరమే జరగకుండా అందరిచేతా నేరాలు ఒప్పించారు.

గోనవాళ్ల ఇంట్లో ఇంకో మనిషిని మరవలేను. బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక. తొలి తెలుగు కవయిత్రి ఆమేనని పరిశోధకులు గట్టిగా వాదిస్తారు. ఆమె కావ్యమేదీ పూర్తిగా మిగల్లేదు. మా దగ్గర ఆనవాళ్లున్నాయి, మనిషి మాయమైంది.

కవుల మాట వచ్చింది కాబట్టి సమస్యాపూరణం గురించి కూడా చెప్పాలి. అవధానంలో పృచ్ఛకుడు పద్యం చివరి పాదం ఇస్తాడు. అది అసంబద్ధంగా ఉంటుంది, జరగరానిది జరిగినట్టు ఉంటుంది. అవధాని మిగతా మూడు పాదాల్లో అది ఎందుకు, ఎట్లా జరిగిందో న్యాయంగా చెప్పాలి. తలుపు లోపలినుంచి గడియ పెట్టి ఉంది, లోపల శవం ఉంది, మీరు కారణం చెప్పండి అన్నట్టే. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు ఈ ఆటకు అన్నంపెట్టి పోషించాయి. గద్వాలకైతే 'విద్వద్గద్వాల' అనే పేరే వచ్చింది. కవులు ఏటేటా వచ్చి వార్షికం తీసుకొని పోయేవాళ్లు. తిరుపతి వెంకటకవులు గోదావరి ఒడ్డునుంచి ఈ ఎండల్లోకి వచ్చి అవధానాలు చేశారు. వనపర్తి రాజుగారి ప్రాసాదంలో ఇప్పుడు పాలిటెక్నిక్ కళాశాల నడుస్తోంది. సమస్యలివ్వడం అక్కడ ఆగలేదు, పూరించే పిల్లలు మారారు.

ఈ సీమలోంచే సురవరం ప్రతాపరెడ్డి వచ్చాడు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే, ప్రతాపరెడ్డి తిట్టుతో జవాబివ్వలేదు. ఊరూరికి ఉత్తరాలు పోయాయి, పద్యాలు వచ్చాయి. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. సాక్షులను ప్రవేశపెట్టడమంటే అదీ. తర్వాత ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఇంకా పెద్ద పని చేశాడు. పండితులు అలంకారాల కోసం చదివే కావ్యాలను పట్టుకొని, అందులో జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ జూదమాడారు అని ఆరా తీశాడు. కవి చెప్పదలుచుకున్నది పక్కన పెట్టి, చెప్పకుండానే జారవిడిచింది ఏరుకోవడం మా వృత్తిలో మొదటి పాఠం. 1952లో ఆయన వనపర్తి నుంచే శాసనసభకు గెలిచాడు. 1953లో పోయాడు. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఆ పుస్తకానికి వచ్చింది, అందుకునే మనిషి లేడు.

ఆ తర్వాతి తరంలో నాగర్‌కర్నూల్‌లో కపిలవాయి లింగమూర్తి. ధోవతి కట్టు, భుజాన సంచి, పాలెం ఓరియంటల్ కళాశాలలో పాఠాలు. సెలవొస్తే ఏ గుడి వెనక ఏ శాసనం పడుందో, ఏ గుట్టకు ఏ కథ ఉందో రాసుకుంటూ తిరిగిన మనిషి. 2018లో పోయేదాకా ఆ రాత ఆపలేదు. ఇప్పుడు తెలకపల్లి దగ్గరి గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న వాగును, పిట్టను, అడవిని పాటల్లోకి పిలుస్తున్నాడు. 'వల్లంకి తాళం'కు 2021 సాహిత్య అకాడమీ బహుమతి. ఈ ముగ్గురినీ ఒక వరసలో కూచోబెడితే సాహిత్య సభ అవుతుంది. నేను ఆ సభలో వెనక బెంచీ. డిటెక్టివ్ నవలలవాణ్ణి అంటే ఇప్పటికీ కొందరు కుర్చీ చూపించరు. చాయ్ మాత్రం ఇస్తారు.

నల్లమలకు నేను ఆలస్యంగా పోయాను. అచ్చంపేట దాటి మన్ననూరు ఘాటు ఎక్కుతుంటే చెవుల్లో గాలి మారుతుంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చెంచు యువకులు అటవీశాఖకు దారి చూపేవాళ్లుగా, పులి జాడ పట్టేవాళ్లుగా పనిచేస్తున్నారు. అట్లాంటి ఒకాయన వెంట ఒక పొద్దున నడిచాను. దుబ్బలో ఒక పాదముద్ర దగ్గర ఆగి కూచున్నాడు. నాకు కుక్క అడుగులాగే ఉంది, కాస్త పెద్దది. ఆయన పుల్లతో చుట్టూ గీత గీసి, గోర్ల గుర్తు లేదు చూడమన్నాడు. కుక్కకూ దుమ్ములగొండికీ గోర్లు నేలకు తాకుతాయి, పులి గోర్లు లోపలికి ముడుచుకుంటుంది. తర్వాత ముద్ర అంచు చూపించాడు. అంచు ఇంకా పదునుగానే ఉంది. అందులోకి ఆకు రాలలేదు. దాని మీదుగా చీమల బారు మాత్రం అప్పుడే మొదలైంది.

"రాత్రిది గాదు సార్. మంచు పడ్డంక నడిచింది. తెల్లారగట్ల."

"ఎట్ల తెలిసింది?"

"మంచు పడ్డ దుబ్బ అంటుకుంటది గద. చూడుండ్రి, ఎండు దుబ్బల ఇట్ల నిలువది."

నా డిటెక్టివ్ ముప్పై ఏళ్లలో ఇట్లాంటి మాట ఒక్కటి కూడా అనలేదు. భూతద్దం మాత్రం ఉంది.

రెండో ప్రపంచయుద్ధం నాడు హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు ఈ చెంచు పెంటల్లో, అంటే గూడేల్లో, తిరిగాడు. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో బ్రిటిష్ ప్రభుత్వానికి అనుమానితుడు, నిజాం రాజ్యం దాటి పోలేడు. ఆ అనుమానితుడు 1940లో భార్యతో కలిసి చెంచుల మధ్యన ఉండి వాళ్ల మీద పుస్తకం రాశాడు. అది 1943లో వచ్చింది. వేటకు పోయేముందు గారెలమైసమ్మను తలచుకోవడం దాంట్లో ఉంది. అడవిలో ఏ జంతువు దొరికినా అది ఆమె ఇచ్చిందే.

మైసమ్మ తర్వాత లింగమయ్య. చైత్ర పున్నమికి సలేశ్వరం జాతర. రాంపూర్ పెంట దగ్గర బండి దిగి నడక పట్టాలి. రాళ్లు, ముళ్లు, ఎండుటాకుల మీద జారే కాళ్లు. ఒకచోట దారి మనిషి వెడల్పే ఉంటుంది, ఒక భుజానికి బండ తగులుతుంది, ఇంకో భుజానికి ఏమీ తగలదు. పోయేవాళ్లు "వస్తున్నం లింగమయ్యా" అని కేకలేస్తారు. తిరిగొచ్చేవాళ్లు "పోతున్నం లింగమయ్యా" అంటారు. దారి కనపడని మలుపులో అవతలివాళ్లు ఎటు వస్తున్నారో ఆ కేకతోనే తెలుస్తుంది. అడుగున నీటి ధార ఎండాకాలంలోనూ వణికించేంత చల్లగా పడుతుంది. గుహలో లింగం. పూజారులు చెంచులే.

శ్రీశైలం మల్లన్న చెంచుపిల్లను చేసుకున్నాడని ఇక్కడి కథ. చెంచు మల్లయ్య అని పిలుచుకుంటారు. అవతల అహోబిలంలో నరసింహుడు చెంచులక్ష్మిని చేసుకున్నాడు. సంక్రాంతి వెళ్లాక పార్వేటకు పల్లకీలో ఊళ్లు తిరిగే ఆ స్వామి మీదికి చెంచులు బాణాలు వేస్తారు. ఇంటి అల్లుడితో ఎకసెక్కం అది. దీన్ని పండితులు రకరకాలుగా విప్పి చెప్పారు, అడవి దేవుణ్ణి ఊరి దేవుడు కలుపుకున్నాడని, ఊరి దేవుణ్ణే అడవి కలుపుకుందని. నాకు సలేశ్వరం నుంచి ఎక్కివస్తూ ఆయాసంలో ఒక్కటే తోచింది. దేవుడు వీళ్ల ఆడబిడ్డను చేసుకున్నాడంటే వీళ్లు దేవుడికి బామ్మర్దులు. ఆ లొద్దిలో లింగమయ్య దిగి కూచున్నాడు, పైన తాడు ఎవరి చేతిలో ఉందో చెప్పనక్కర్లేదు.

అప్పుడే నవల తట్టింది. తేనె తీసే మనిషి లొద్దిలో పడి చస్తాడు. మోకు తెగింది. కొసను చూస్తే నలిగి తెగినట్టు లేదు, కోసినట్టుంది. తాడు పట్టుకున్నది బామ్మర్ది. ఊరంతా వాణ్ణి తప్ప అందర్నీ అనుమానిస్తుంది, ఎందుకంటే వాడు చేయడు. నా నవలలో చేసింది వాడే. ఆచారాన్నే ముసుగు చేసుకున్న హంతకుడు. ఇంతకంటే మంచి మలుపు నా జన్మలో రాదనుకున్నాను. పన్నెండు అధ్యాయాలు రాశాను.

మళ్లీ ఏడాది ఒక పెంటలో పెద్దాయన దగ్గర కూచున్నప్పుడు నోరు ఆగక కథ చెప్పాను. తపసిబంక ఏరి శుభ్రం చేస్తూ విన్నాడు. గింజంత నలుసు కూడా గోటితో తీసేస్తున్నాడు, నలుసుంటే రేటు తగ్గుతుంది. కథ అయిపోయింది. ఆయన ఏమీ అనలేదు. ఇంకో రెండు బంక ముక్కలు తీసి చూశాడు.

"ఎందుకు కోస్తడు?"

"భూమి తగాదా తాతా."

"మాకాడ భూమేడుంది?"

"సరే, పాత పగ."

"పగ ఉంటె తాడు పట్టనీకె పిలుస్తడా?" అని నవ్వాడు. "మల్ల ఆమె పిల్లల్ని ఏసుకొని యాడికొస్తది? ఆని ఇంటికే గద. జీవితమంత ఆనే సాకాలె. కోస్తడా ఎవడన్న?"

పక్కన కూచున్న ముసలామె "పుస్తకం రాసెటాయనకు బామ్మర్దులు లేరేమో అడుగు" అంది.

ఉన్నారు, ఇద్దరు. ఆ రాత్రి మన్ననూరు నుంచి చివరి బస్సు పట్టి, రెండు బండ్లు మారి, పెద్దమందడి వచ్చేసరికి గుట్టల మీద ఎండ పడింది. పన్నెండు అధ్యాయాలు అటక మీద పెట్టాను. ఇప్పుడు నా దగ్గర శవం ఉంది, కోసిన తాడుంది, హంతకుడు లేడు.